చెప్పే మనిషికి కుడి పక్క

వానలు పట్టాక మా బరంపురం బడా బజార్ మలుపులో తడి గోనెపట్టా పరిచి మొగలి పొత్తులు అమ్మే ముసలామె ఒకతె ఈనాటికీ కూర్చుంటోంది. మొన్న ఆ దారిన వస్తూ ఒక పొత్తి కొని తెచ్చి, ముళ్ళంచులు కత్తెరతో తీసేసి, రేకులు నిలువునా చీల్చి, చీరల పెట్టెలో మడతకొకటి చొప్పున సర్దుకున్నాను. నలభై ఏళ్ళు బడిలో వేళకు గంట కొట్టించి, పిల్లల వరసలు దిద్ది, ఆలస్యంగా వచ్చినవాళ్ళను గుమ్మం బయట నిలబెట్టినదాన్ని; వాసనలకు లొంగిపోయే స్వభావం కాదు నాది. అయినా ఆ పెట్టె మూత దించబోతుంటే ఆవిరిలా పైకి లేచిన ఆ ఘాటైన తీపి వాసన నన్ను చేయి పట్టి లాక్కుపోయి, తలనూనె, తమలపాకు, వేరుసెనగ పొట్టు, చంటిపిల్లల పాలవాసన, తడిసిన చీరల వాసన అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఒక చీకటి గదిలో, వెన్ను ఆనుకోవడానికి వీలులేని ఒక కర్రబెంచీ మీద కూర్చోబెట్టింది. అది మా చిన్ననాటి సినిమా హాలులో ఆడవాళ్ళ తరగతి. మ్యాట్నీకి బయలుదేరే ఏ ఆడదీ జడలో మొగలిరేకు లేకుండా ఆ కాలంలో గడప దాటేది కాదు.

ఆ బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ళ గురించి చదువుకున్నవారి అభిప్రాయం నాకు తెలుసు. కిందటేడు మా ఊరి గ్రంథాలయంలో ఒక యువ అధ్యాపకుడు సినిమా మీద ప్రసంగించాడు. వేళకు మొదలుపెట్టి వేళకు ముగించాడు, అందుకు నా మెప్పు. కానీ చెప్పిందేమిటి? వెనకటి ప్రేక్షకులు, అందులోనూ అక్షరం రాని స్త్రీలు, తెరమీది బొమ్మకూ బతుకుకూ తేడా తెలియక ఏడ్చేవారట, తెరను పట్టుకుని తిట్టేవారట. చీకట్లో ఒంటరిగా, నోరు మెదపకుండా కూర్చుని పాత్రతో ఏకమైపోవడం నేర్చిన ఇప్పటి ప్రేక్షకుడికే సహానుభూతి అంటే ఏమిటో తెలిసిందట. సభ ముగిసే ముందు నేను మైకు అడిగి తీసుకుని, "నాయనా, మీరు చెప్పినది తప్పు" అన్నాను. కారణం చెప్పమన్నారు. మీరిచ్చిన రెండు నిమిషాలు చాలవని చెప్పి కూర్చున్నాను. ఆ కారణం ఇప్పుడు చెబుతాను.

ముందు ఆ తేడా తెలియకపోవడం సంగతి చూద్దాం. రెండేళ్ళకొకసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిందంటే బరంపురంలో మొక్కు ఉన్నవాళ్ళు వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. ఒంటినిండా పసుపు నలుపు చారలు పూసుకుని డప్పుకు ఎగిరే పులులు, ముఖానికి రంగేసుకున్న రాజులు, రాక్షసులు, దేవతలు. ఒక యాత్రకు మా వీధి దర్జీ ఒంటికి నీలం పూసుకుని, మెడలో రబ్బరు పాము చుట్టుకుని, శివుడై వచ్చాడు. ఆడవాళ్ళందరూ బిందెలతో నీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళు కడిగి దండం పెట్టారు. దండం పెట్టి లేస్తూనే మా పొరుగున ఉండే పట్టుచీరల నేతగాడి భార్య కుంజొ మావుసి, "నా రవికె గుడ్డ నీ దగ్గరకొచ్చి నెల్లాళ్ళయింది, ఆ పామును తీసి పక్కన పెట్టాకైనా కుడతావా స్వామీ?" అని ఒడియాలో అడిగింది. శివుడు తల వంచుకుని, "బుధవారం" అన్నాడు. ఆమె పెట్టిన దండం దొంగదండం కాదు, అడిగిన రవికె ఉత్తమాట కాదు. రెండింటినీ ఒకే ఒంట్లో పక్కపక్కన పెట్టుకోవడం ఆ వీధికి పుట్టుకతో వచ్చిన విద్య. ఈ ఆడవాళ్ళకా తెరకూ బతుకుకూ తేడా తెలియనిది?

తేడా తెలియనిది మా వీధి మొత్తానికి ఒక్కరికే. అది నేను. అప్పుడు నాలుగో తరగతి చదువుతున్నాను, తరగతిలో మొదటిదాన్ని.

మా నాన్న చింతపండు, ఎండుమిరపకాయల టోకు వర్తకుడు. దుకాణం ముందూ ఇల్లు వెనకా కావడంతో మా ఇంట్లో ఏ కాలంలో ఏ గదిలో నిలబడినా ముక్కు పుటాలు చురుక్కుమంటూనే ఉండేవి. ఎండాకాలం మిరప బస్తాలు విప్పిన రోజున వీధి వీధంతా తుమ్మేది. మా గంజాం జిల్లా ఒరిస్సాలో కలిసి అప్పటికి ఇరవయ్యేళ్ళు పైబడినా మా ఇంట్లో వ్రతాలకు తెలుగు కథే చదివేవారు, తెలుగు బడికే పంపేవారు. గడప దాటితే మాత్రం గవ్వలాటలో తగవుపడినా, తొక్కుడుబిళ్ళలో గీత తొక్కావని అరిచినా ఒడియాలోనే. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. అప్పటినుంచి వంటింటి అలమరలో అమ్మ సర్దిన వరస నేను చెడనివ్వలేదు. పై అరలో ఇత్తడి గిన్నెలు పెద్దదాని పక్కన చిన్నది, కింది అరలో ఊరగాయ జాడీలు, మేకుకు ఎడమవైపు అట్లకాడ, కుడివైపు గరిటె. వంటమనిషి పొరపాటున మార్చినా బడినుంచి రాగానే మళ్ళీ సరిచేసేదాన్ని. ఇప్పటికీ నేను వరసల మనిషిననే అంటారు. అది ఎక్కడ మొదలయిందో వాళ్ళకు తెలియదు.

రెండేళ్ళు గడిచాక నాన్న పొలసరనుంచి పిన్నిని చేసుకుని తెచ్చాడు. వాళ్ళది అక్కడ మూడు తరాలుగా చిల్లర వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. ఊళ్ళో మాట్లాడేదంతా ఒడియా కనుక పిన్ని తెలుగు మా అందరి తెలుగులా ఉండేది కాదు. తెలుగు వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఒడియా మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తెలుగులో దిగేది. వంటా అంతే. రాత్రి వార్చిన అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టిన పఖాళొ, దానిలోకి ఎండబెట్టిన మినప వడియాలు నలిపి వెల్లుల్లితో వేయించినవి, పండగపూట కొబ్బరీ బెల్లమూ కూరిన మొండా పిఠా. పసుపాకులు పరిచి ఆవిరి మీద ఉడికించిన ఆ పిఠా మూత తీస్తే ఆకుల వాసన దుకాణందాకా వెళ్ళేది. నేను ముట్టుకునేదాన్ని కాదు. పిన్ని గిన్నెను ఒక అరలో పెడితే, ఆమె చూస్తుండగానే తీసి అమ్మ పెట్టిన చోట పెట్టేదాన్ని. ఆమె మాత్రం, "అన్నం ఆ పళ్ళెంలో పెట్టినాను రాజ్యం, సల్లారిపోతాది" అనేసి వసారాలోకి వెళ్ళిపోయేది.

ఇంట్లో ఆమెకు లేని చోటు సినిమా హాల్లో దొరికింది. ఆ రోజుల్లో మా ఊరికి వచ్చేవి ఎక్కువగా తెలుగు బొమ్మలే. నేతపని, బీడీపని చేసే ఇళ్ళ ఒడియా ఆడవాళ్ళు కూడా వాటికే వచ్చేవారు. పక్క సందులోంచి ఆడవాళ్ళకు వేరే తలుపు. లోపల మగవాళ్ళకూ మాకూ మధ్య నడుమెత్తు చెక్క అడ్డు. ఆ చెక్కకు చీరచెంగులతో ఉయ్యాలలు కట్టి చంటిపిల్లలను పడుకోబెట్టేవారు. తెలుగు తెలిసినవాళ్ళు ఎడమవైపూ, తెలియనివాళ్ళు కుడివైపూ కూర్చునేవారు. నడుమ ఒక ‘చెప్పే మనిషి’. రెండు భాషలూ వచ్చిన ఆ మనిషి తెరమీద ఎవరేమంటున్నారో ఎప్పటికప్పుడు కుడివైపుకు ఒడియాలో చెప్పాలి. ఎవరూ నియమించింది కాదు, నోరున్నవాళ్ళు చెప్పేవారు. పిన్ని వచ్చిన మొదటి నెలలోనే కుంజొ మావుసి ఆమె గొంతు కనిపెట్టి నడుమ కూర్చోబెట్టింది. వదినను పిలిచినట్టు ‘భావుజ’ అని పిలిచి, "భావుజ లేనిదే మేం టిక్కెట్టు కొనం" అని ప్రకటించింది. పిన్ని బొమ్మ చూసేది కాదు, తల కుడివైపుకు తిప్పి, ఎడమ చెవితో వినేది. రేకుల కప్పు మీద వాన పెద్దదై మాటలు వినబడకపోతే తెలుగు ఆడవాళ్ళు కూడా ఆమెవైపే చెవి పెట్టేవారు. ఆమె ఒక్క క్షణం ఆగిందంటే కుడి బెంచీలన్నీ ఒక్కసారిగా "తాపరె?" అనేవి, అంటే తరవాతేమయిందని. నేను మాత్రం ఎడమవైపు చివర, ఆమెకు ఎంత దూరంగా వీలయితే అంత దూరంగా కూర్చునేదాన్ని.

ఆ ఏడు వానల్లో ఒక సవితి తల్లి బొమ్మ వచ్చింది. పేరు చెప్పను, అలాంటివి చాలా వచ్చాయి. అందులో తల్లి లేని పిల్ల చేతినుంచి పాలగిన్నె జారుతుంది. సవితి తల్లి అట్లకాడ ఎర్రగా కాల్చి ఆ పిల్ల ముంజేతికి వాత పెడుతుంది. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ అడిగితే, పిల్ల చేయి వెనక దాచుకుని, తల పక్కకు తిప్పుకుని, నెమ్మదిగా చేయి ముందుకు చాపి, "పిన్ని కాల్చింది అమ్మమ్మా, అట్లకాడతో కాల్చింది" అంటుంది. మా అడ్డుకు ఇటువైపు ఏడవని ఆడది లేదు. నేను ఏడవలేదు. నేను అంతకన్న ఎక్కువ చేశాను: ఆ పిల్లనైపోయాను. ఆ యువ అధ్యాపకుడు మెచ్చుకున్న ఏకమైపోవడం అదే కాబోలు. ఆమె ఒళ్ళు నా ఒళ్ళయింది, ఆమె శత్రువు నా ఇంట్లో ఉన్నట్టయింది. ఇంటికి రాగానే మేకుకున్న అట్లకాడ తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. ఆ పూటనుంచి పిన్ని పెట్టిన అన్నం మానేశాను.

రెండు రోజులు బెల్లమూ అటుకులూ తిని గడిపాను. మూడో రోజు మధ్యాహ్నం, పిన్ని కుంజొ మావుసి ఇంట్లో మగ్గం దగ్గర ఉండగా, ఆకలికి ఆగలేక వసారాలో కుంపటి మీద అప్పడం కాల్చుకోబోయాను. మా బరంపురం అప్పడం పలచన, క్షణంలో అంటుకుంటుంది. మంట లేచేసరికి గాభరాపడి ముందుకు వంగాను, కుంపటి ఇనుప అంచు ముంజేతికి తగిలింది. వంకీలా ఎర్రగా తేలింది. ఎవరికీ చెప్పలేదు. పిన్ని సాయంత్రం కుంపటిలో మాడిన అప్పడం ముక్కనూ నా చేతినీ చూసింది కాబోలు, ఏమీ అడగలేదు. పడుకునే చాప పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనెలో సున్నపుతేట గిలకొట్టి పెట్టి ఉంది. ఆమె అటు తిరగగానే రాసుకున్నాను. రాసుకున్న సంగతి కూడా ఇక్కడ రాయడం న్యాయం.

మర్నాడే అమ్మమ్మ వచ్చింది, ఇచ్ఛాపురం దగ్గర పల్లెనుంచి. పచ్చని నిలువెత్తు మనిషి, చెవుల నిండా దుద్దులు, నోటినిండా చుట్ట వాసన. పిన్ని పెళ్ళయినప్పటినుంచీ మా ఇంటికి వచ్చినా మా ఇంట్లో తినేది కాదు. వెంట తెచ్చుకున్న కుండలో వసారాలో వేరే వండుకునేది. కూతురి చోట కూర్చున్న మనిషి చేతి కూడు గొంతు దిగదనేది. వచ్చీ రాగానే నన్ను దగ్గరకు తీసుకోబోయింది.

"ఏటే గుంటా, సెయ్యి ఎనక్కి దాస్తన్నావు? సూడనీ."

నేను చేయి దాచుకుంది కాల్చుకున్నానన్న సిగ్గుతోనే. కానీ దాచుకున్న మరుక్షణం నా ఒంటికి ఆ భంగిమ తెలిసినదయింది. తల దానంతటది పక్కకు తిరిగింది. చేయి నెమ్మదిగా ముందుకు వచ్చింది. "పిన్ని కాల్చింది అమ్మమ్మా. అట్లకాడతో కాల్చింది." అంటున్నప్పుడు నా కళ్ళనుంచి నిజమైన కన్నీళ్ళు కారాయి. అబద్ధం ఆడుతున్నానని ఆ క్షణాన నాకు అనిపించలేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా అదే నిజం.

"ఓలమ్మోలమ్మ! తల్లి నేని గుంటకి వాత ఎట్టీసినాది!" అమ్మమ్మ గొంతు దుకాణందాకా వినబడింది. నాన్న తక్కెడ వదిలి లోపలికి వచ్చాడు. "నువ్వు మనిసివేటే పొలసరదానా? మాటాడవేటి? నోట్లో ఏటెట్టుకున్నావు?"

పిన్ని తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి ఉంది. "నానేటి సెప్పినా ఒకటేనమ్మా" అంది. "ఆ బొమ్మలో ఆవిడ కూడా నాను కాల్సనేదు, నాను కాల్సనేదు అనే ఏడుస్తాది. ఇప్పుడు నానూ అదే మాటంటే, నన్నూ ఆవిడలాగే సూస్తారు. ఆ మాట నాకు మిగిల్సనేదు ఆ బొమ్మ తీసినోళ్ళు. గుంటనే మళ్ళీ అడగండి."

ఎవరూ మళ్ళీ అడగలేదు. నాన్న నా చేతిని చూశాడు, పిన్నిని చూడలేదు. "అమావాస్య ఎల్లాక గుంటని తీసుకెల్లండి అత్తా" అన్నాడు. అంటే నేను ఆ ఇంటినుంచి, ఆ బడినుంచి, ఆ అలమరనుంచి వెళ్ళిపోతాను. పిన్ని వాత పెట్టిన మనిషిగా ఆ వీధిలో చచ్చేదాకా బతుకుతుంది. నిర్ణయమయిపోయింది. అమావాస్యకు ఇంకా మూడు రోజులుంది. నేను నా పలకా పుస్తకాలూ వరసగా సర్దుకున్నాను. ఏదో గెలిచినట్టు ఉండాలి కదా, లేదు.

ఆ మూడు రోజుల్లో రెండో రోజున అమ్మమ్మకు ఆ బొమ్మ సంగతి వీధి ఆడవాళ్ళు చెప్పారు. జీవితంలో సినిమా చూసిన మనిషి కాదు. "అయితే ఈ పొలసర మనిసిని తీసుకెల్లి ఆ బొమ్మ ముందు కూకోబెట్టండి. తను సేసిన పని ఎలగుంటాదో తనే సూసుకుంటాది. నానూ ఒస్తాను, దీని మొకం సూడ్డానికి" అంది. కుంజొ మావుసికి తెలుగు వచ్చింది నాలుగు మాటలు, వాటిలో మూడు తిట్లు. అయినా భావం గ్రహించి ఒడియాలో నవ్వేసింది: "శిక్షకా? భావుజ ఆ బొమ్మను రెండుసార్లు మాకు చెప్పింది. మూడోసారి చెబితే మాకు లాభమే."

మ్యాట్నీకి వెళ్ళేసరికి వాన. బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. అమ్మమ్మ పిన్నికి ఎడమవైపున ఆనుకుని కూర్చుంది, కాపలాగా. నాకు ఎడమవైపు చోటు లేదు. కుంజొ మావుసి నా రెక్క పట్టి లాగి తనకూ పిన్నికీ మధ్య ఇరికించింది. అలా మొదటిసారి చెప్పే మనిషికి కుడి పక్కన కూర్చున్నాను.

దీపాలు ఆరాయి. నేను తెరవైపు చూస్తున్నాను, చెవిలో పిన్ని గొంతు పడుతోంది. తెరమీద సవితి తల్లి కొత్త చీరతో గడప దాటుతోంది. అంతే ఉంది బొమ్మలో. పిన్ని ఒడియాలో చెబుతోంది: "ఈమె ఇంట్లో అడుగుపెట్టింది. ఈ ఇంట్లో ప్రతి గిన్నెకూ ముందే ఒక చోటుంది. ఆ చోటు ఏదో పిల్లకు తెలుసు, ఈమెకు తెలియదు. అడిగితే పిల్లనే అడగాలి. పిల్ల చెప్పదు. ఈమె తప్పు చోట పెడుతుంది, పిల్ల తీసి సరైన చోట పెడుతుంది. రోజూ అదే."

"అదెక్కడుంది బొమ్మలో? నాకు కనబడలేదే" అంది కుంజొ మావుసి.

"నాకు వినబడింది" అంది పిన్ని.

ఎవరూ ఆమెను అబద్ధాలకోరు అనలేదు. "తాపరె?" అన్నారు. తెరమీద ఒక క్షణం పాటు ముట్టని పళ్ళెం కనిపించింది. నేను మొదటిసారి దాన్ని గమనించనే లేదు. పిన్ని చెప్పింది: "అన్నం పెట్టింది. తినలేదు. చల్లారాక తనే తింది. మర్నాడు కూర మార్చింది. అదీ తనే తింది." కుడి బెంచీల మీద ఎవరో నిట్టూర్చారు. నేను మూడు నెలలుగా ఎదురుగా కూర్చుని చూసిన మనిషి, నేను వదిలేసిన పళ్ళెంలో అన్నం ఎవరు తింటున్నారని ఒక్కనాడూ నేను అడగని మనిషి, ఆ చీకట్లో నాకు మొదటిసారి కనిపించింది. తెర చూపించినది కాదు అది. పక్కనున్న గొంతు చూపించింది.

పాలగిన్నె జారింది. అట్లకాడ ఎర్రబడింది. పిన్ని ఆగిపోయింది. "భావుజ, తాపరె?" అన్నారు. మళ్ళీ "తాపరె?" అన్నారు. అప్పుడు పిన్ని, "ఇది తప్పు. ఇంతసేపు చెప్పినదంతా నిజమయినా ఇది తప్పే. దీనికి నేను మాటలు పెట్టను, మీరే చూడండి" అంది. ఆ మాట అరవయ్యేళ్ళు దాటినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎదుటివారి బాధ చెప్పడం వేరు, వారి తప్పును కడిగేయడం వేరని ఏ పాఠ్యపుస్తకమూ నాకు అంత సూటిగా చెప్పలేదు.

తరవాత తెరమీది అమ్మమ్మ వచ్చింది. తెరమీది పిల్ల చేయి వెనక దాచుకుంది. తల పక్కకు తిప్పుకుంది. చేయి నెమ్మదిగా ముందుకు చాపింది. "పిన్ని కాల్చింది అమ్మమ్మా…" పిన్నికి అవతలనుంచి అమ్మమ్మ తల తెరమీదనుంచి నావైపు తిరగడం నాకు తెలిసింది. పిన్ని మోకాళ్ళ మీదుగా ఒక ఎముకల చేయి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. తెర వెలుగులో ఆ వంకీని అటూ ఇటూ తిప్పి చూసింది. అట్లకాడ వాత బల్లపరుపుగా పడుతుంది. ఇది గుండ్రని అంచు ముక్క. డెబ్బయ్యేళ్ళు పొయ్యి ముందు బతికిన మనిషికి ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెరమీద సవితి తల్లి "నేను కాల్చలేదు" అని ఏడుస్తోంది. ఎడమ బెంచీలు ఆమెను నోరారా తిడుతున్నాయి. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో, ఎప్పుడు లేచానో తెలియదు. "కాల్సనేదు! ఆవిడ కాల్సనేదు! గుంట అబద్ధం సెప్పినాది!" అని నా శక్తికొద్దీ అరిచాను.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. "కళ్ళు కనిపించవేటే నీకు? ఇప్పుడే గదా సుర్రుమనిపించినాది!" అని ఎడమనుంచి ఒకావిడ. "సవితి తల్లి పచ్చం మాటాడతందే ఈ గుంట! కూకో, కూకో!" అని ఇంకొకావిడ. అడ్డుకు అవతల మగవాళ్ళు ఈలలు వేశారు. కుడివైపు ఆడవాళ్ళకు నా తెలుగు అర్థం కాలేదు. వాళ్ళు ఎప్పటిలాగే చెప్పే మనిషివైపు తిరిగి, "కొణొ కొహిలా? ఏమంది పిల్ల?" అని అడిగారు.

పిన్ని చెప్పింది. తన గురించిన మాటను తనే ఇంకో భాషలో చెప్పవలసివచ్చింది. "ఆమె కాల్చలేదు అంటోంది."

"మరి ఎవరు కాల్చారు?"

"ఎవరూ కాల్చలేదు. పిల్లకు ఆకలేసింది. నిప్పు దగ్గరకు వెళ్ళింది."

"అయ్యో పాపం!" అంది కుంజొ మావుసి, తెరవైపూ చూడకుండా, నావైపూ చూడకుండా. ఆమెకు ఎంత అర్థమయిందో ఈ రోజుకీ నాకు తెలియదు. నా నడుము చుట్టూ చేయి వేసి కూర్చోబెట్టింది. బొమ్మ నడుస్తూనే ఉంది. పిన్ని చెబుతూనే ఉంది.

ఇంటికి వస్తూ చినుకుల్లో అమ్మమ్మ మూడే మాటలు అడిగింది. "ఎక్కడ కాల్సుకున్నావు?" కుంపటి అంచుకని చెప్పాను. "దేనికి?" అప్పడం కాల్చుకుంటుంటే అన్నాను. "ఇంట్లో కూడు నేదేటి?" ఉంది అన్నాను. నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసింది. ఆ నొప్పి న్యాయమైనదని నాకు తెలుసు కనుక ఏడవలేదు. ఇంటికి వచ్చాక నాన్నతో నాచేతనే మొత్తం చెప్పించింది, గుమ్మంలో నిలబెట్టి, దుకాణంలో మనుషులు వింటుండగా. అది కూడా న్యాయమే.

అమ్మమ్మ పిన్నిని క్షమించమని అడగలేదు. అడిగే తరహా మనిషి కాదు. తన కుండ బోర్లించి పక్కన పెట్టి, వంటింట్లో పీట వాల్చుకుని, "ఎట్టు, ఏటుంటే అది" అంది. పిన్ని పఖాళొ, నలిపిన వడియాలూ పెట్టింది. అమ్మమ్మ రెండు ముద్దలు తిని, "ఉప్పు తక్కువైనాది" అంది. మూడో ముద్దకు, "మా గుంటది కూడా ఇలగే ఉప్పు తక్కువేసేది" అని మా అమ్మను తలచుకుని తల వంచుకుంది. పిన్ని కడిగిన ఇత్తడి గిన్నె చేత్తో పట్టుకుని అలమర ముందు నిలబడి, వెనక్కి తిరిగి, "ఇదెక్కడ ఎట్టాల రాజ్యం?" అని అడిగింది. మూడు నెలల్లో మొదటిసారి అడిగింది. పై అరలో, పెద్దదాని పక్కన, అని చెప్పాను. అట్లకాడ బియ్యం డబ్బా వెనకనుంచి తీసి నేనే మేకుకు తగిలించాను. అమావాస్య వెళ్ళాక అమ్మమ్మ ఒక్కతే బండి ఎక్కింది.

ఆమెను చివరిదాకా పిన్ని అనే పిలిచాను. అమ్మా అని పిలిచానని రాస్తే చదివేవారికి కన్నీళ్ళు వస్తాయేమో, కానీ అది జరగలేదు. ఆమె ఆ పిలుపు అడగలేదు, నేనివ్వలేదు. తరవాత పదేళ్ళపాటు ప్రతి మ్యాట్నీకీ కుడి పక్కన కూర్చున్నాను. తెలుగు నాకు ఆమెకన్న బాగా వచ్చినా తెలుగు బొమ్మను ఒడియాలోనే విన్నాను.

ఇప్పుడు ఆ హాలు లేదు. సందులోని ఆడవాళ్ళ తలుపు ఇటుకలతో మూసేశారు, దాని మీద సెల్‌ఫోన్ల ప్రకటన అతికించి ఉంది. చెక్క అడ్డూ ఉయ్యాలలూ పోయాయి. పిన్ని పోయి పదకొండేళ్ళు. కుంజొ మావుసి మగ్గం ఎవరు కొనుక్కుపోయారో తెలియదు. ఆమె మనవలు తెలుగు బొమ్మలను కింద పడే ఒడియా అక్షరాలు చదువుకుంటూ ఎవరి ఫోనులో వాళ్ళు చూస్తారు. అడిగేవాళ్ళు లేరు కనుక చెప్పే మనుషులూ లేరు. కొత్త హాళ్ళు చల్లగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, వేళకు మొదలవుతాయి. వరసలంటే ఇష్టపడేదాన్ని కనుక అవి నాకు నచ్చాలి. నాకు నచ్చవు. ఆ నిశ్శబ్దాన్ని మర్యాద అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. నేను పాత్రతో ఏకమయ్యాను, అబద్ధాలకోరునయ్యాను. నేను ఎదుటి మనిషిని చూసింది, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని, ఇష్టం లేని గొంతు చెవిలో పడుతుంటే, చుట్టూ తిట్లూ నవ్వులూ ఈలలూ మోగుతుంటే. ఆ రోజు హాలంతా నోరు మూసుకుని ఉంటే నేనూ నోరు మూసుకునే ఉండేదాన్ని. నా అబద్ధం నాతో పాటు ఇచ్ఛాపురం బండి ఎక్కి ఉండేది.